పెళ్లి చూడవచ్చినవారి ధర్మం

ఋగ్వేదం పదో మండలంలోని 85వ సూక్తానికి సూర్యాసూక్తమని పేరు. సవిత కుమార్తె అయిన సూర్యకు సోమునితో జరిగిన వివాహాన్ని వర్ణించే ఈ సూక్తంలోని మంత్రాలు కొన్ని నేటికీ హిందూ వివాహాల్లో వినిపిస్తున్నాయి. వాటిలో అధికభాగం వధూవరులను, దేవతలను ఉద్దేశించినవి కాగా, 33వ మంత్రం పెళ్లి చూడవచ్చినవారితో మాట్లాడుతుంది. వధువు మంగళస్వరూపురాలని చెప్పి, అందరూ కూడివచ్చి ఆమెను చూడాలనీ, ఆమెకు సౌభాగ్యం ఇవ్వాలనీ, ఆ పిమ్మటే తమ తమ ఇళ్లకు మరలాలనీ కోరుతుంది. చూడడం, ఇవ్వడం, మరలడం అనే మూడు పనులను అతిథికి అప్పగించిన ఈ మంత్రం, వచ్చినవాడు ఏ కులంవాడు, ఏ దైవాన్ని కొలుస్తాడు, వచ్చినామెకు భర్త ఉన్నాడా లేడా అని అడగదు. పెళ్లికి వచ్చినవారు పట్టుబట్టలు కట్టి, బొట్టు పెట్టించుకుని, అక్షతలు వేసి, బంతిలో కూర్చుని భోంచేసి వెళ్లడం మతపరమైన కర్మ అవుతుందా, కేవలం లోకమర్యాదగా మిగులుతుందా అన్న ప్రశ్నను విచారించడానికి ఈ మంత్రమే తగిన ఆధారం.

ఊళ్లో జరిగే పెళ్లికి వచ్చేవారు సాధారణంగా ఇరుపక్షాల బంధువులో, ఆ కుటుంబాల ఆచారాలు చిన్ననాటి నుంచి చూసినవారో అయి ఉంటారు కనుక ఈ ప్రశ్న అక్కడ అంతగా తలెత్తదు. హైదరాబాద్‌లోని అమీర్‌పేట పరిస్థితి వేరు. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే యువతీయువకులు మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ భవనాల్లోని శిక్షణ కేంద్రాల్లో పక్కపక్కన కూర్చుంటారు, చుట్టుపక్కల వీధుల్లోని హాస్టళ్లలో ఒకే గదిని పంచుకుంటారు, ఉద్యోగాలు వచ్చి విడిపోయాక ఒకరి పెళ్లికి మరొకరు వస్తారు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడికి ఆదిలాబాద్ పెళ్లితంతు కొత్త. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన అమ్మాయికీ, నమాజు చేసే అబ్బాయికీ మండపం ముందు అందించే అక్షతల పళ్లెం ఒక సందేహాన్ని తెస్తుంది. ఏం కట్టుకుని వెళ్లాలి, బొట్టు పెట్టించుకోవచ్చా, నమ్మకం లేకుండా అక్షతలు వేస్తే అది తన విశ్వాసానికి ద్రోహమా, పెళ్లివారి విశ్వాసానికి అవమానమా అన్నవి నిజాయితీ గల మనిషి వేసుకోదగిన ప్రశ్నలే.

వైదిక వివాహంలో రెండు పొరలున్నాయి. కన్యాదానం, పాణిగ్రహణం, హోమం, సప్తపది మొదలైనవి మంత్రంతో కూడిన కర్మలు. వాటికి కర్తలు వధూవరులు, కన్యాదాత, వారిచేత చేయించే పురోహితుడు మాత్రమే. ఏ కర్మకైనా ముందు సంకల్పం, అనగా ఈ పనిని ఫలానా ప్రయోజనం కోసం చేస్తున్నానన్న ప్రకటన ఉంటుంది. కర్మఫలాన్ని కోరి, దాన్ని చేయగల అర్హత ఉన్నవాడికే ఆ కర్మలో అధికారం ఉంటుందని వేదకర్మలను విచారించే మీమాంసకులు చెబుతారు; ఆ కోరికను ప్రకటించేది సంకల్పమే. అతిథి సంకల్పం చెప్పుకోడు, కాబట్టి ఈ పొరలో అతనికి పాత్ర లేదు. రెండో పొర ఆచారం. ఆశ్వలాయన గృహ్యసూత్రం వివాహ ప్రకరణాన్ని ఆరంభిస్తూనే దేశానికొకటిగా, గ్రామానికొకటిగా ఉండే ధర్మాలను పెళ్లిలో పాటించాలని చెబుతుంది. తెలుగునాట వైదికుల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రమైతే పెళ్లి ఆచారాలను స్త్రీలను అడిగి తెలుసుకోవాలంటుంది. సూత్రకారుడే తన గ్రంథంలో లేని విషయాలకు ఇంట్లోని ఆడవారిని ప్రమాణంగా చూపడం గమనించదగినది. తెలుగువారి పెళ్లికి ప్రాణమనదగిన జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం గృహ్యసూత్రాల్లో కనిపించవు. అవి ఈ రెండో దారిన వచ్చినవే. అతిథి పాల్గొనేదంతా ఈ పొరలోనే. దానికి అతడు మంత్రార్థాన్ని నమ్మనక్కరలేదు, అయినా ఆ పొర మొదటిదానికంటే తక్కువదేమీ కాదు.

అయితే అతిథి అక్కడ చేసే పనికి పేరేమిటి? భారతీయ ధర్మచింతనలో దానికి సరిపోయే పేరు అనుమోదన. ఒక పనిని చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, దాన్ని చూసి మెచ్చుకుని ఔనన్నవాడు నలుగురూ ఆ పని పుణ్యపాపాల్లో పాలు పంచుకుంటారన్న భావన హిందూ ధర్మగ్రంథాల్లోనే గాక బౌద్ధ, జైన సంప్రదాయాల్లోనూ ఉంది. పెళ్లికి వెళ్లడమంటే ఈ కలయిక జరగవలసినదే, ఇది మంచిదే అని నలుగురి ఎదుట తన శరీరంతో చెప్పడం. కట్టిన బట్ట, చేతిలోకి తీసుకున్న అక్షతలు, తిన్న అన్నం ఆ మాటకు రూపాలు. ఈ పనిలో విశ్వాసానికి పరీక్ష లేదు, సద్భావానికి మాత్రం ఉంది. వధూవరుల మేలు నిజంగా కోరుకునే ముస్లిం మిత్రుడు వేసిన అక్షతలు సత్యమైనవి. మనసులో ఈర్ష్య పెట్టుకుని పట్టుపంచెలో నిలబడిన దాయాది వేసినవి అసత్యమైనవి. ఇదే సూత్రం పెళ్లివారికీ వర్తిస్తుంది. బొట్టు పెట్టించుకోవడానికి గాని, ప్రసాదం తీసుకోవడానికి గాని తన మతం ఒప్పుకోదని భావించే అతిథిని బలవంతపెట్టడం సద్భావం లేని పని. అతడు వచ్చి నిలబడడంతోనే అనుమోదన పూర్తయింది.

అలంకరణ విషయానికి వస్తే, పెళ్లిలో బట్ట ఎన్నడూ కేవలం కట్టుకునేవారి సొంత విషయం కాలేదు. పూర్వం ఇంటికి వచ్చిన గౌరవనీయులకు తేనె, పెరుగు కలిపి ఇచ్చే సత్కారం మధుపర్కం. ఆచార్యుడు, రాజు, మామ, మేనమామ వంటి వారికి జరిగే ఈ సత్కారం పెళ్లినాడు వరునికీ జరుగుతుంది, ఎందుకంటే వధువు ఇంట ఆ రోజు మొదటి అతిథి అతడే. ఆ సమయంలో వధూవరులకు ఇచ్చే రంగు అంచు తెల్లని నూలుబట్టలకు కూడా తెలుగునాట మధుపర్కాలనే పేరు నిలిచిపోయింది. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చే మేనమామ బట్టలు తెస్తాడు. పుట్టింటివారు చీర పెడతారు. పెళ్లి చేసేవారు దగ్గరి బంధువులకు బట్టలు పెట్టి, వాటిని కట్టుకుని రమ్మంటారు. ఇచ్చినవారి చీరనే కట్టుకుని పీటల దగ్గరకు వచ్చిన మేనత్త తన ముస్తాబును చూపడం లేదు, ఆ ఇంటితో తన బంధాన్ని చూపుతోంది. నలుపు బట్టలు పెళ్లికి పనికిరావనడం ఈ భాషలో భాగమే. ఆ నలుపే నల్లపూసలుగా మారి వధువు మెడలో దృష్టిదోషానికి కాపుగా నిలుస్తుంది కనుక, రంగుకు దానంతట అదిగా శుభాశుభాలు లేవనీ, స్థానాన్ని బట్టే అర్థమనీ స్పష్టమవుతుంది.

అమీర్‌పేట కూడలి నుంచి పంజాగుట్ట దాకా సాగే రోడ్డు మీద ఈ భాషకు కావలసిన సరుకంతా దొరుకుతుంది. ఆషాఢమాసంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ నెలలో వస్త్రదుకాణాలు తగ్గింపు ధరలు ప్రకటిస్తాయి, శ్రావణమాసపు పెళ్లిళ్లకు కావలసిన బట్టలు అప్పుడే కొనుక్కునే కుటుంబాలు ఎన్నో. మనుషుల పెళ్లిళ్లు ఆగిన ఆ నెలలోనే, అమీర్‌పేటను ఆనుకుని ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ కల్యాణం జరుగుతుంది. నేలమట్టానికి దిగువన, బావిలో కొలువైన రేణుకా ఎల్లమ్మకు ఆషాఢం తొలి మంగళవారం జరిగే ఈ పెళ్లికి శుభలేఖలు అక్కరలేదు. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి, స్త్రీలు ఆడబిడ్డకు పోసినట్టుగా అమ్మవారికి ఒడిబియ్యం పోస్తారు, బోనాలు ఎత్తుతారు. ఒడిబియ్యమంటే పెళ్లయిన కూతురి కొంగులో పుట్టింటివారు పసుపు కలిపిన బియ్యం పోసి దీవించే తెలంగాణ ఆచారం. దేవతకే పుట్టింటివారై నిలిచే ఈ కల్యాణంలో వచ్చిన ప్రతి మనిషీ ఇచ్చేవాడే. పెళ్లికి ఎలా రావాలో తెలియని అమీర్‌పేట హాస్టల్ విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం మరొకటి లేదు.

పట్టు గురించి మరికొంత నిలిచి ఆలోచించాలి. పట్టుబట్టకు మైల అంటదని, మడికి అది తగినదని పెద్దలు నమ్ముతారు. కాని పట్టుదారం తీయడానికి పురుగు ఇంకా లోపల ఉండగానే గూళ్లను వేడినీటిలోనో ఆవిరిలోనో ఉంచుతారు, లేకుంటే పురుగు చిమ్మటగా మారి గూడు చీల్చుకుని బయటికి రావడంతో దారం తెగిపోతుంది. ఒక్క చీరకు వేల ప్రాణాలు పోవలసి రావడం అహింసను పరమధర్మంగా చెప్పుకునే సంప్రదాయానికి చిన్న చిక్కు కాదు. కంచి కామకోటి పీఠాధిపతి చంద్రశేఖరేంద్ర సరస్వతి (1894–1994) ఖర్చు దృష్ట్యానూ, జీవహింస దృష్ట్యానూ పెళ్లిళ్లలో పట్టు మానమని పదేపదే చెప్పారు; పట్టుచీరలకు పేరుమోసిన ఊళ్లోని పీఠాధిపతి ఆ మాట అనడానికి ఎంతో ధైర్యం కావాలి. చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన హైదరాబాద్ వాసి కుసుమ రాజయ్య, నాటి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ సతీమణి జానకి వేసిన ప్రశ్నతో కదిలి, పురుగు బయటికి వెళ్లాక మిగిలిన గూళ్ల నుంచి దారం వడికే అహింసా పట్టును రూపొందించారు. తెగిన పోగులను వడికి కలపవలసి రావడంతో ఆ బట్టకు మామూలు పట్టు మెరుపు రాదు, ధర మాత్రం ఎక్కువ. మెరుపు తగ్గినా అది పెళ్లికి మరింత తగిన బట్ట అనే చెప్పాలి. దాన్ని కొనలేనివారికి నూలు, పట్టు కలిపి నేసిన గద్వాల చీరలో పట్టు పాలు తక్కువ. అంచు ఉన్న మంచి నేతచీర ఏదైనా శుభకార్యానికి చాలు. అమీర్‌పేట దుకాణాల్లో దొరికే వన్ గ్రామ్ గోల్డ్ నగ పెట్టుకుని వచ్చినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. నలుగురిలో తక్కువ కాకూడదని అప్పు చేసి నగలు కొనుక్కుని వచ్చిన రోజున ఇవ్వవలసినవారి మనసు లెక్కల మీదకు పోతుంది, అక్కడే అనుమోదన సన్నగిల్లుతుంది.

ఇతరుల వేషం, ఆచారం స్వీకరించడం హైదరాబాద్‌కు కొత్త కాదు. పెళ్లిలో ఎందరో హిందూ యువకులు వేసుకునే షేర్వానీ ఆసఫ్‌జాహీల కాలపు దర్బారు దుస్తు. హైదరాబాదీ ముస్లిం వధువు మెడలోని కాలీపోత్ లచ్ఛా నల్లపూసల దండే. తెలుగు క్రైస్తవ వివాహాల్లో శిలువ గుర్తుతో తాళి కట్టే పద్ధతి విస్తారంగా ఉంది. భద్రాచలంలో శ్రీరామనవమినాడు జరిగే సీతారామ కల్యాణానికి ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ గోల్కొండ చివరి పాదుషా అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687)తో మొదలైందని సంప్రదాయం చెబుతుంది. తలంబ్రాలంటే వధూవరులు ఒకరి తలపై ఒకరు పోసుకునే బియ్యం. తానీషా రాముణ్ణి దేవుడిగా కొలిచాడా లేదా అన్నది ఆ ఆనవాయితీకి అడ్డు రాలేదు. తన రాజ్యంలో జరిగే పెళ్లికి రాజు అతిథిగా ఇవ్వవలసినది ఇచ్చాడన్నంతవరకే ప్రజలు జ్ఞాపకం పెట్టుకున్నారు.

అతిథికి మంత్రం అప్పగించిన మూడు పనుల్లో నేడు ఎక్కువగా దెబ్బతిన్నది చూడడమే. శ్రీనగర్ కాలనీలోని సత్యసాయి నిగమాగమంలో గాని, అమీర్‌పేట చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో గాని జరిగే పెళ్లిని గమనిస్తే ఈ విషయం తెలుస్తుంది. సుముహూర్తానికి కొద్ది నిమిషాల ముందు ఒకరు పళ్లెంతో వరుసల మధ్య తిరుగుతూ అక్షతలు పంచుతారు. విరగని బియ్యానికి పసుపు, నెయ్యి రాసి చేసిన ఆ గింజలు చెమట పట్టిన అరచేతికి అంటుకుంటాయి. పురోహితుడు చేయి ఊపగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా గట్టిమేళం అందుకుంటాయి, తెర తొలగుతుంది, వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర-బెల్లం ఉంచుతారు. సరిగ్గా ఆ క్షణంలో కెమెరాలు పట్టుకున్నవారు వేదిక అంచున గోడలా నిలబడతారు. నాలుగో వరుసలోంచి విసిరిన అక్షతలు ముందు వరుసవారి తలల మీద రాలుతాయి, వెనకవారు ఆ ఘట్టాన్ని పక్కనున్న తెరమీద చూస్తారు. అక్షతలు విసిరేవి కావు. దగ్గరకు వెళ్లి, రెండు చేతులతో తలమీద ఉంచి, దీవెన పలకవలసినవి. ముహూర్తం అర్ధరాత్రికి పడినప్పుడైతే అతిథుల్లో సగానికి పైగా భోంచేసి, వేదిక మీద ఫొటో దిగి, పెళ్లి జరగక ముందే ఇళ్లకు మరలుతారు. చూసి, ఇచ్చి, ఆ పిమ్మట వెళ్లమన్న క్రమం తలకిందులైందన్నమాట. పట్నంలో దూరాభారాలు, తెల్లవారి ఉద్యోగాలు ఉన్న మాట నిజమే. ఆ కారణంగానే కొన్ని కుటుంబాలు పగటి ముహూర్తాన్ని కోరి పెట్టించుకోవడం మంచి మార్పు.

చట్టం ఈ విషయంలో ఆసక్తికరమైన స్థితిలో ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఇరుపక్షాల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా వివాహం జరగవచ్చని, సప్తపది ఆచారమైనచోట ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుందని చెబుతుంది; అతిథుల ఊసు అందులో లేదు. తతంగం లేకుండా ధ్రువపత్రం మాత్రమే తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదనీ, పెళ్లి ఆటపాటల, విందుల సందర్భం కాదనీ సుప్రీంకోర్టు 2024లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. మరోవైపు తమిళనాడు 1967లో చేర్చిన 7ఎ సెక్షన్ ప్రకారం బంధువులు, మిత్రులు లేదా ఇతరుల సమక్షంలో వధూవరులు ఒకరినొకరు అంగీకరించి దండలు మార్చుకుంటే చాలు. పురోహితుడు, అగ్ని లేని ఆ ఆత్మగౌరవ వివాహంలో చూడవచ్చినవారే సాక్షులు. అనుమోదనలోని రెండో అంచును, అంటే పాపంలో పాలును, 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం గుర్తించింది. బాల్యవివాహాన్ని ప్రోత్సహించడం, జరగనివ్వడం అనే నేరాలను చెప్పే 11వ సెక్షన్ ఆ పెళ్లికి హాజరై పాల్గొనడాన్ని కూడా వాటితో చేర్చి, రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. కట్నం కోసం వధువు తండ్రిని పీడించారని తెలిసి కూడా పట్టుబట్టలతో వెళ్లి అక్షతలు వేసేవారికి చట్టం శిక్ష విధించకపోయినా, పాలు పంచుకునేవారి లెక్కలోంచి ధర్మం వారిని తప్పించదు.

అతిథి ఉనికికి ఎంత బరువుందో తెలుగువారికి అందరికంటే స్పష్టంగా తెలిసిన రోజు 1881 డిసెంబర్ 11. ఆ రోజు రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన ఇంట తొలి వితంతు వివాహం జరిపించారు. 1856 చట్టం అప్పటికే అటువంటి పెళ్లిని చెల్లుబాటు చేసింది. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. వీరేశలింగం విద్యార్థులు అండగా నిలిచారు. ప్రత్యర్థులు చేతిలోకి తీసుకున్న ఆయుధం వెలి. పెళ్లికి వెళ్లినవారిని, ఆ ఇంట అన్నం తిన్నవారిని కులం నుంచి వెలివేస్తామన్నారు. వెళ్లినవారిలో కొందరు తర్వాత ప్రాయశ్చిత్తాలు చేసుకోవలసి వచ్చింది. చూడవచ్చినవారు లేకుండా చేస్తే పెళ్లిని లేకుండా చేసినట్టేనని పూర్వాచారపరులు గ్రహించారు, ఆ గ్రహింపులో పొరపాటు లేదు. ఆ పందిట్లో కూర్చుని భోంచేసిన ప్రతి మనిషీ ఆ సంస్కరణలో కర్తతో సమానమైన భాగస్వామి.

వితంతువు పెళ్లికూతురు కావడానికి ఆనాడు దారి ఏర్పడింది గాని, అతిథిగా అక్షతలు వేయడానికి ఆమెకు నేటికీ ఎన్నో ఇళ్లలో దారి లేదు. పంజాగుట్టలో పెద్ద ఉద్యోగాలు చేసే కుటుంబాల్లో సైతం, కూతురిని ఒంటిచేత్తో పెంచి చదివించిన తల్లి కన్యాదాన సమయంలో పక్కకు తప్పుకుని, ఆ పీటల మీద మరో దంపతులను కూర్చోబెట్టడం మామూలు. సౌభాగ్యం ఇవ్వమని కోరిన మంత్రం దాన్ని ఇచ్చేవారు సువాసినులే, అంటే భర్త బతికున్న స్త్రీలే, కావాలని అడగలేదు. పెళ్లి ఆచారాలను స్త్రీలను అడిగి తెలుసుకోమన్న సూత్రమూ ఏ స్త్రీలో విడదీయలేదు. బిడ్డ మేలును తల్లికంటే ఎక్కువగా కోరేవారు ఆ హాలులో ఎవరూ ఉండరు కనుక, అనుమోదనే అతిథి ధర్మమైతే, దీవెనకు ఆమెకున్నంత అధికారం మరెవరికీ లేదు. ఈ మార్పును పురోహితుడు గాని, పెళ్లిపెద్ద గాని ఆరంభించాలని వేచి ఉండనక్కరలేదు. గుమ్మం దగ్గర పన్నీరు చల్లి, గంధం పూసి, వరుసల వెంట పసుపు, కుంకుమ, పూలు, అక్షతల పళ్లేలు పట్టుకుని తిరిగేది సాధారణంగా వధువు స్నేహితురాళ్లు, పిన్నమ్మ కూతుళ్లు, అంటే అతిథులే. బొట్టు లేని ఆమె కుర్చీ దగ్గరకు వచ్చేసరికి పళ్లేన్ని పక్కకు తిప్పుకుని ముందుకు సాగాలా, అక్కడ ఆగి అందరికీ అందించినట్టే అందించాలా అన్నది పళ్లెం పట్టుకున్న అమ్మాయే తేల్చుకోవచ్చు.